అడగనిది చూపించండి: ప్రసార భారతికి బహిరంగ లేఖ

ప్రసార భారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
విజయవాడ, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాల బాధ్యులకు,



సప్తగిరి, యాదగిరి చానళ్ళను ఇప్పటికీ పనిగట్టుకుని చూసే కొద్దిమందిలో నేనొకణ్ణి. ఆ మాట నలుగురిలో అంటే అవతలివాళ్ళు ఓసారి నవ్వి, “ఇంకా అది వస్తోందా?” అంటారు. వస్తోందని చెబితే రెండో మాట సిద్ధంగా ఉంటుంది. “అందులో చూడ్డానికి ఏముందండీ! పొద్దున్న భజన, మధ్యాహ్నం పాఠాలు, సాయంత్రం వరి తెగుళ్ళు, రాత్రి కచేరీ, మధ్యమధ్య వార్తలు. అంతా కలగూరగంప.”

ఈ లేఖ ఆ కలగూరగంప తరఫున రాస్తున్నాను. అది మీ చానల్‌కు లోపమని మీరు కూడా నమ్మడం మొదలుపెడతారేమోనని నా భయం. నమ్మితే దాన్ని తగ్గించుకుంటూ పోతారు, లేదా చట్టం ఉంది గనక మొక్కుబడిగా నింపుకుంటూ పోతారు. రెండూ ఒకలాంటి నష్టమే. నేను అడగదలచుకున్నది మూడోది: ఆ రకరకాల కార్యక్రమాలను తెలివిగా, పట్టుదలగా, ఒక రోజుగా కూర్చమని.

తెలుగులో చానళ్ళకు కరువు లేదు. ఇరవైనాలుగు గంటలూ వార్తలు చెప్పేవే బోలెడు. సినిమాలకు వేరే, పాటలకు వేరే, భక్తికి వేరే. వంటలకు యూట్యూబులో లెక్కే లేదు. ఫోను ఇంకో అడుగు ముందుకేసింది. నిన్న ఆవకాయ వీడియో చూసిన మనిషికి ఇవాళ మాగాయ, రేపు గోంగూర పచ్చడి వరసగా తెచ్చి ముందు పెడుతుంది. ఒక నాయకుణ్ణి తిట్టే వీడియో చూస్తే మర్నాటికి ఆయన్నే ఇంకా గట్టిగా తిట్టేవి పది తయారు. మన ఇష్టాన్ని మనకే తిరిగి అమ్మే వ్యాపారం ఇది. నేనూ చూస్తాను, ఒట్టేసి మానేశానని చెప్పను. కాని ఈ ఏర్పాటులో పత్తి రైతుకు వీణ ఎదురుపడదు. వీణ నేర్చుకునే అమ్మాయికి పత్తి ఎదురుపడదు. ఉట్నూరు గోండు పాట గుంటూరు ఇంట్లోకి రాదు, గుంటూరు మిర్చి కష్టం హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కు తెలియదు. ఎవరి ఇష్టంలో వాళ్ళం తలుపేసుకుని కూర్చుంటున్నాం.

అడగకపోయినా ఎదురుపడే చోటు తెలుగు టెలివిజన్‌లో ఇప్పుడు దాదాపు మీ దగ్గరే మిగిలింది. దాని విలువ మీకు తెలియాలన్నదే నా తాపత్రయం.

అసలు టెలివిజన్ మన పల్లెలకు వచ్చిందే ఇలా. 1975 ఆగస్టు 1న సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళ గూళ్ళకు కట్టే జాలీతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా, ఊరందరికీ కలిపి ఒకే టీవీ పెట్టె. పొద్దున పిల్లలకు భాషకు ఇరవై రెండున్నర నిమిషాల వంతున కార్యక్రమాలు, సాయంత్రం పెద్దలకు సాగు, ఆరోగ్యం, ఆటాపాటా. అప్పటికి దూరదర్శన్ ఆకాశవాణిలో ఒక భాగం. 1976 ఏప్రిల్ 1న విడివడింది. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ కేంద్రం మొదలైంది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చేదాకా తెలుగువాడికి ఇంట్లో ఉన్న తెలుగు తెర అదొక్కటే.

ఆ రోజుల్లో సినిమా పాటల చిత్రలహరి కోసం ముందే వచ్చి చాప మీద చోటు పట్టుకున్న పిల్లలు, పాటలు మొదలయ్యేదాకా వచ్చిందల్లా చూశారు. ఎరువుల మోతాదు చూశారు, నేత్రదానం గురించి విన్నారు, ఘటం మీద తని ఆవర్తనం ఎప్పుడైపోతుందా అని విసుక్కున్నారు. ఆనందో బ్రహ్మలో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిని చూసి పడీపడీ నవ్విన ఇంట్లోనే తర్వాత వచ్చింది కూడా నడిచింది, ఎవరూ లేచి కట్టేయలేదు కాబట్టి. విసుక్కున్నా అందులో కొంత వాళ్ళకు అంటింది. ఇవాళ తమకు శాస్త్రీయ సంగీతం తెలియదంటూనే రాగం పేరు చెప్పగలిగే యాభై ఏళ్ళవాళ్ళు చాలామంది అలా తయారైనవాళ్ళే.

గత్యంతరం లేక చూశారు, నిజం. ఇప్పుడు చేతిలో రిమోట్ ఉంది, జేబులో ఫోను ఉంది. ఆ రోజులు మళ్ళీ రావాలని కోరడం తెలివితక్కువ. ఒకప్పుడు దారి లేకపోవడం మీకు చేసిపెట్టిన పనిని ఇప్పుడు మీ కూర్పు చేయాలి. నా లేఖ సారాంశమంతా ఈ ఒక్క మాటే. దీన్నే రోజులోని వేళల వెంట నడుస్తూ విడమరిచి చెబుతాను.

మధ్యాహ్నంతో మొదలుపెడతాను. 2020లో కరోనాకు బడులు మూతపడినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పాఠాలు మీ తెర మీదికే వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరిలో, టీశాట్‌లో తరగతులవారీగా చెప్పారు. ఆంధ్రలో సప్తగిరి ఆ పని చేసింది. ఆ దినాల్లో మా పక్కింటి పదో తరగతి కుర్రాడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, వాళ్ళ నాయనమ్మ చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ పక్కనే ఉండేది. ఒకరోజు జీవశాస్త్రంలో గుండె పాఠం. టీచరమ్మ బొమ్మ గీసి, నాలుగు గదులు, మధ్యలో కవాటాలు, రక్తం ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో చెబుతోంది. పెద్దావిడ చేతిలో కాయ పళ్ళెంలో పడేసి, “ఒరే, నాకు బిగుసుకుపోయిందని డాక్టరు చెప్పింది ఇందులో ఏదిరా?” అని అడిగింది. వాడు లేచి వెళ్ళి తెర మీద వేలు పెట్టి చూపించాడు. “అంత చిన్నదా! దానికా ఇంత ఆయాసం!” అంది ఆవిడ.

ఆ పాఠం ఆవిడ కోసం తీసింది కాదు. ఆవిడ ఏ ఫోనులోనూ వెతుక్కునేదీ కాదు. కాని అది ఆవిడకు చేరింది. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ వాళ్ళ పాఠాలు మధ్యాహ్నాలు దేశమంతా వేసినప్పుడు, ఇంగ్లీషులో ఉన్నా మన ఇళ్ళల్లో చూసినవాళ్ళు ఉన్నారు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలూ అంతే. పరీక్ష రాసేవాడు ఒకడైతే పక్కన కూర్చున్నవాళ్ళు ఇద్దరు.

అందుకని పాఠాలు వేసేటప్పుడు ఆ పక్కన కూర్చున్నవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. మొదట రెండు నిమిషాలు, ఇవాళ చెప్పబోయేది ఇంట్లో ఎవరికి ఎందుకు పనికొస్తుందో మామూలు మాటల్లో చెప్పండి. గుండె పాఠం అయిన వెంటనే గుండె డాక్టరుతో ఫోన్-ఇన్ పెట్టండి. నదుల పాఠం తర్వాత పోలవరం మీదో మూసీ మీదో డాక్యుమెంటరీ వేయండి. దేని పక్కన ఏది వస్తుందన్న ఆలోచన ఉంటే చాలు. పాత కార్యక్రమాలే కొత్తగా కనిపిస్తాయి.

ఇక సాయంత్రం, రైతుల వేళ. కృషిదర్శన్ 1967 జనవరి 26న ఢిల్లీలో మొదలైంది. డీడీ కిసాన్ పేరుతో ప్రత్యేక చానలే 2015 మే 26న వచ్చింది గాని, అది ప్రధానంగా హిందీది. తెలుగు రైతుకు దిక్కు మీ ప్రాంతీయ చానళ్ళే.

2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద పడినప్పటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పూతలోకి దూరి కాయ పట్టకుండా చేసింది. గుంటూరు నుంచి ఖమ్మం దాకా తోటలు పీకేసినవాళ్ళున్నారు. ఆ రోజుల్లో రైతుల ఫోన్-ఇన్‌లో ఒక పిలుపు నాకిప్పటికీ మరుపు రాలేదు. “సార్, ఆకు ముడతొచ్చింది, ఏం కొట్టమంటారు?” అన్నాడు రైతు. శాస్త్రవేత్త మందు పేరు చెప్పలేదు. “ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?” అని అడిగాడు. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఫోనుకు దూరంగా, “ఏమేవ్, ఆ ఆకు ఎట్టుందో చూడు, పైకా కిందికా?” అన్న కేక. ఆవిడ జవాబు మాకు వినపడలేదు. “పైకే సార్” అన్నాడాయన. అప్పుడు చెప్పాడు శాస్త్రవేత్త: పడవ ఆకారంలో పైకి ముడిస్తే తామర పురుగు పని, పడవ బోర్లించినట్టు కిందికి వంగితే నల్లి పని, దానికి కొట్టే మందు దీనికి కొడితే డబ్బు దండగ, ముందు నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకో అని.

నాకు సెంటు పొలం లేదు. అయినా ఆ నాలుగు నిమిషాలూ కన్నార్పకుండా చూశాను. రోగం తెలియకుండా మందు కొట్టకూడదన్న సంగతి అంత తేటగా చెప్పిన కార్యక్రమం నేను వేరే చూడలేదు. పచ్చిమిర్చి ధర పెరిగిందని బజారులో కసురుకునే పట్నంవాళ్ళం వారానికి ఒక్కసారైనా ఇలాంటిది చూస్తే, ఆ కసురు కొంచెం తగ్గుతుంది. కాబట్టి రైతు కార్యక్రమాన్ని రైతులకే అని వేరుగా కట్టేయకండి. అందులో రోజూ ఐదు నిమిషాలు తినేవాళ్ళ ప్రశ్నలకూ చోటివ్వండి: పురుగుమందు కూరలో ఎంత మిగులుతుంది, కూరగాయలు ఎలా కడగాలి, టమాటా ఒక వారం రోడ్డు మీద పారబోసి ఇంకో వారం బంగారమెందుకవుతుంది. అలాగే అదే కార్యక్రమాన్ని తెల్లవారుజామున, పొలానికి బయల్దేరే ముందు ఇంకోసారి వేయండి. మళ్ళీ వేయడంలో చిన్నతనం లేదు. ఎప్పుడు వేస్తారో చెప్పకపోవడంలో ఉంది.

కళల దగ్గరికొస్తే నా మాట కాస్త ఘాటుగా ఉంటుంది. వైవిధ్యం జాబితాలో ఉండదు, గడియారంలో ఉంటుంది. సవర పాట వేశాం, ఒగ్గు కథ వేశాం, పేరిణి వేశాం అని ఏడాది చివర నివేదికలో రాసుకోవచ్చు. అవి అందరూ పడుకున్నాక వస్తే నివేదిక నిండుతుంది, ఇల్లు నిండదు. జనం ఎప్పుడు తెర ముందుంటారో ఆ వేళకు దగ్గరగా ఏది పెట్టారన్నదే ఒక కళకు మీరిచ్చే గౌరవం. సాయంత్రం ఏడు గంటల వార్తలకు ముందు పది నిమిషాలు రోజూ ఒకే పనికి కేటాయించండి. ఒకరోజు గోండి, ఒకరోజు సవర, ఒకరోజు కోయ, ఒకరోజు లంబాడీ పాట. ఇంకోరోజు ఉర్దూ కవి గొంతు, మరోరోజు బుర్రకథ, ఆదివారం తోలుబొమ్మలు. పది నిమిషాలే గనక వార్తల కోసం వచ్చినవాడు రిమోట్ నొక్కే లోపలే అయిపోతుంది. నచ్చినవాడు మళ్ళీ ఆ రోజు కోసం చూస్తాడు.

తోలుబొమ్మలంటే గుర్తొచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఆ విద్యను తరతరాలుగా నిలుపుకొస్తున్న కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ ఆటను తెర ముందు కెమెరా నిలబెట్టి తీస్తే సగమే తీసినట్టు. కెమెరాను తెర వెనక్కి తీసుకెళ్ళండి. వెలుగు దూరేంత పలచగా సాఫు చేసిన మేకతోలు, నగల మెరుపు కోసం ఉలితో కొట్టిన చిల్లులు, భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడిగా కదిలే అతుకులు, యుద్ధం రాగానే కాలికింద చెక్కను ధనధనలాడించే ఆటగాడు. పందిరి ముందు కూర్చున్న ఊరివాళ్ళకు కూడా ఇది దొరకదు, టీవీ ఒక్కటే చూపించగలదు. అచ్చంగా మీ మాధ్యమానికే చేతనైన పని ఇది. జానపద కళాకారుణ్ణి స్టూడియోకు పిలిచి, నీలం గుడ్డ ముందు నిలబెట్టి, పది నిమిషాల్లో ముగించమని తొందరపెట్టే పద్ధతి మన టెలివిజన్‌లో ఎక్కడున్నా వదిలేయవలసిందే. ఒగ్గువాళ్ళు చెప్పే బీరప్ప కథ రాత్రంతా సాగేది. పది నిమిషాల్లో అంతా చెప్పించబోతే కథ చెడుతుంది, ఒక్క ఘట్టం తీసుకుని నిదానంగా చూపిస్తే నిలుస్తుంది.

పిల్లల సంగతి. తెలుగు పిల్లల కోసం తెలుగులోనే ఆలోచించి తీసిన కార్యక్రమాలు టెలివిజన్‌లో ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కడో తీసిన కార్టూన్లకు తెలుగు మాటలు అతికించినవే ఎక్కువ. బడి నుంచి వచ్చాక అరగంట వాళ్ళకివ్వండి. పొడుపు కథలు, చిన్న ప్రయోగాలు, ఊళ్ళ ఆటలు, బడి పిల్లలే చదివే వార్తలు. పిల్లలు ఉన్న చోటికి పెద్దలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

వార్తల గురించి. 1983 నవంబరు 14న తొలి తెలుగు బులెటిన్ చదివిన శాంతిస్వరూప్ గారు 2024 ఏప్రిల్ 5న కన్నుమూసినప్పుడు, ఆయన్ను ఎన్నడూ కలవని జనం కూడా ఇంటిమనిషి పోయినట్టు బాధపడ్డారు. ఎందుకని? ఆయన అరిచి ఎరగరు. వార్తకు తన కోపం కలపలేదు. ఆ నిదానం మీ బులెటిన్లలో ఇప్పటికీ ఉంది, మిగతా చోట్ల అది దొరకడం కష్టం. దాన్ని ఎవరి మాటలో విని వదులుకోకండి. బధిరుల కోసం సైగల వార్తలు, యాదగిరిలో ఉర్దూ వార్తలు లాంటివి లాభం లెక్కలు చూసుకుని ఎవరూ మొదలుపెట్టరు. అవి మీ గౌరవం.

నిదానం ఉంటే సరిపోదు, నిండుదనమూ కావాలి. 1990లో పార్లమెంటు చేసిన ప్రసార భారతి చట్టం పన్నెండో సెక్షన్ మీ అందరికీ కంఠస్థమే అయ్యుంటుంది. ప్రజాప్రయోజనమున్న విషయాలన్నిటిలో పౌరుడికి స్వేచ్ఛగా, నిజంగా, నిష్పాక్షికంగా సమాచారం అందాలని, భిన్నాభిప్రాయాలు కూడా వినిపించాలని, సంస్థ తనదైన ఏ సిద్ధాంతాన్నీ మోయకూడదని అందులో ఉంది. ఢిల్లీలో, అమరావతిలో, హైదరాబాద్‌లో ఎవరు గద్దె మీద ఉన్నా ఈ మాట మారదు. రిబ్బను కత్తిరించడం వార్తే. ఆ రిబ్బను అవతల కట్టిన ఆసుపత్రిలో ఆరు నెలల తర్వాత డాక్టరున్నాడో లేదో చూసి రావడం అంతకన్నా వార్త. ప్రభుత్వం చెప్పేది చెప్పండి, దానితో ఒప్పుకోనివాళ్ళు చెప్పేదీ అదే గొంతుతో చెప్పండి. రకరకాల కార్యక్రమాలుండీ వార్తల్లో ఒకే అభిప్రాయం ఉంటే ఆ వైవిధ్యానికి అర్థం లేదు.

అదే సెక్షన్‌లో విద్య, వ్యవసాయం, పర్యావరణం, ఆరోగ్యం, ప్రాంతాల భాషలూ సంస్కృతులూ, ఆటలు, స్త్రీలు, యువత, గిరిజనులు, అల్పసంఖ్యాకులు, పిల్లలు, అంధులు, వృద్ధులు, వికలాంగులు వరసగా వస్తారు. ఒక చానల్ రోజు ఎలా ఉండాలో ఇంత వివరంగా చట్టంలో రాసుకున్న దేశం మనది. దాన్ని భారంగా చదివితే కోటా అవుతుంది. పథకంగా చదివితే మంచి రోజు అవుతుంది.

రాత్రి వేళకు మీ దగ్గరున్న ధనం పాత టేపులు. టేపు ఖరీదైన కాలంలో ఒకదాని మీద ఇంకొకటి రికార్డు చేసి పోగొట్టుకున్నవి పోయాయి. మిగిలినవాటిని యూట్యూబులోకి ఎక్కిస్తున్నారు, 2024 నవంబరు 20న వేవ్స్ అనే ఓటీటీ కూడా తెచ్చారు. మంచిదే. అయితే అందులో ఏదైనా దొరకాలంటే ఏం వెతకాలో ముందే తెలిసి ఉండాలి. పేరు తెలియని వైణికుణ్ణి ఎవరు వెతుకుతారు? కాబట్టి ఈ పాత టేపుల భాండారం చానల్‌కు బదులు కాదు, చానల్‌కు సరుకు. రోజూ రాత్రి అరగంట పాతది ఒకటి వేయండి. వేసేముందు తెలిసిన మనిషితో మూడు నిమిషాలు చెప్పించండి: ఇది ఏ సంవత్సరం, మృదంగం మీద ఎవరు, ఏం గమనించాలి. ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు కూడా ముఖ్య గాయకుడి పేరుతో ఆపేయకుండా పక్కవాద్యాల వాళ్ళ పేర్లు, నాటకమైతే నటులందరి పేర్లు, రికార్డు చేసిన తేదీ తెలుగులో రాయండి. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. రిటైరైన మీ సిబ్బందిని పిలిచి కూర్చోబెడితే ఈ పని ఇప్పుడు అవుతుంది, ఇంకో పదేళ్ళకు కాదు.

ఇవన్నీ చూసేదెవరు, ఎలా? ఇంటి కప్పు మీద యాంటెన్నాతో పట్టే పాత ప్రసారాలను కొన్ని తప్ప అన్నిటినీ 2022 మార్చికల్లా ఆపేశారు. డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరు నుంచి ఉంది, నెలనెలా కట్టేదేమీ లేదు. దేశం మొత్తం మీద నాలుగు కోట్లకు పైగా ఇళ్ళల్లో ఉందని అంచనా. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు ఎనిమిది లక్షల పెట్టెలు ఉచితంగా ఇస్తామని, ఆకాశవాణి దూరదర్శన్‌ల ఆధునికీకరణకు రూ.2,539.61 కోట్లు ఖర్చు చేస్తామని 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కేబుల్ వాళ్ళు మీ చానళ్ళను తప్పనిసరిగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అంటే ఇంటి దాకా దారి ఉంది. ట్రాన్స్‌మిటర్లకు, కెమెరాలకు దొరికే డబ్బులో కొంత వాటి ముందు నిలబడే మనుషులకు, రాసేవాళ్ళకు, ఊళ్ళు తిరిగి తీసుకొచ్చేవాళ్ళకు కూడా దొరికితే ఆ దారిన వెళ్ళడానికి ఏదైనా ఉంటుంది. మన్యంలో ఒక ఇంటికి ఉచితంగా పెట్టె వచ్చి, అందులో ఆ ఇంటి భాష రోజుకు ఒక్క నిమిషమైనా వినపడకపోతే ఇచ్చిన ఫలమేముంది?

రేటింగులు రావని మీలో ఎవరైనా అనవచ్చు. రావు. కొన్ని కార్యక్రమాలకు ఎప్పటికీ రావు. రేటింగులు వచ్చేవి తీయడానికి డజన్ల కొద్దీ చానళ్ళున్నాయి, వాళ్ళ సీరియళ్ళలాంటివి మీరు తక్కువ ఖర్చుతో తీసి గెలవబోయేది లేదు. మరి రేటింగులు అక్కర్లేదు గనక ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదనే మాట కూడా నేను ఒప్పుకోను. జనం డబ్బుతో నడిచే చానల్‌ను జనం చూడాలి. చూసేలా చేయడం మీ ఉద్యోగంలో భాగం. ఋతురాగాలు సీరియల్ కోసం ఊళ్ళకు ఊళ్ళు ఎదురుచూసింది మీ తెర ముందే. దాన్ని ఎవరూ బలవంతపెట్టి చూపించలేదు.

అందుకని ఐదు కోరికలు, ఖర్చు తక్కువైనవి ముందు రాస్తున్నాను.

1. వారం మొత్తం కార్యక్రమాల పట్టికను తెలుగులో, వారం ముందే ప్రకటించండి. పత్రికలకు పంపండి, వాట్సాప్‌లో పంచుకునేలా ఒక్క కాగితం మీద పెట్టండి. ప్రత్యక్ష ప్రసారం వచ్చి మారితే మారిందని తెర కింద వేయండి. ఏది ఎప్పుడో తెలియని చానల్‌కు అలవాటుపడడం ఎవరి తరమూ కాదు.

2. ప్రతి కార్యక్రమం చివర, తర్వాత వచ్చేది ఎందుకు చూడాలో ఒక మనిషి తెర మీదికి వచ్చి చెప్పాలి. ఒకప్పుడు అనౌన్సర్లు చేసిన పని అది. పొడుపు కథలు చూసిన పిల్లవాణ్ణి ఒగ్గు కథ దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది ఆ మనిషే.

3. ఏడు గంటల వార్తలకు ముందు పది నిమిషాలు మన చిన్న భాషలకు, పల్లె కళలకు శాశ్వతంగా రాసివ్వండి. ఏ ప్రత్యేక కార్యక్రమం వచ్చినా దాన్ని కదపకండి.

4. పాత టేపుల మీద పేర్లు రాసే పనిని ఈ ఏడే మొదలుపెట్టండి.

5. నెలకొక్కసారి ప్రేక్షకుల ఉత్తరాలకు, ఫోన్లకు తెర మీదే జవాబు చెప్పండి. మెచ్చుకున్నవి రెండు చదివితే తిట్టినవి నాలుగు చదవండి.

విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు ఈ విషయంలో ఒకటితో ఒకటి పోటీ పడితే నాకు సంతోషమే. 2014లో రాష్ట్రంతో పాటు చానలూ రెండయింది గాని, చూసేవాళ్ళం సరిహద్దు దాటి అటూ ఇటూ చూస్తూనే ఉన్నాం. సప్తగిరిలో వచ్చిన మంచి ఒగ్గు కథ మీద, యాదగిరిలో వచ్చిన మంచి తోలుబొమ్మలాట మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఈ లేఖకు జవాబుగా మీ కార్యాలయం నుంచి “మీ సూచనలు పరిశీలనలో ఉన్నాయి” అనే కాగితం నాకు అక్కర్లేదు. వచ్చే ఉగాదికి మీరు విడుదల చేసే వారం పట్టికే నాకు జవాబు. అందులో ఏడు గంటలకు పది నిమిషాల ముందు ఏముందో మొదట చూస్తాను.

ఇట్లు,
సప్తగిరి, యాదగిరి రెండూ చూసే ఒక ప్రేక్షకుడు